కావలి వైపు షెడ్డు వైరింగ్ చేయిస్తున్నవాళ్ళూ, ప్లగ్గు విప్పి చూడకుండా డబ్బులివ్వకండి

ఈ రోజు పొద్దున మా షెడ్డు కరెంటు టెస్టులో ఫెయిలైంది. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా ఇంటి వెనక పాత గొడ్ల కొట్టం ఉండేది. రేకులు మార్చి, గచ్చు చేయించి, అమ్మ ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్మడానికి షెడ్డుగా మార్చాం. పెద్ద గ్రైండర్లు రెండు పెట్టాం. వైరింగ్ ఎవరికిచ్చానో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, "మీటరు దాకా పూచీ నాది" అని చెప్పుకు తిరిగే ఆయనే. పేరు రాయను. సామానుతో కలిపి 38,000 అడిగాడు, ఇచ్చేశాను. టెస్ట్ రిపోర్టు కూడా సంతకంతో సహా తనే తెచ్చాడు. మీటరు వచ్చేదాకా అని ఇంటి లైను నుంచే షెడ్డుకి కరెంటు ఇచ్చాడు.

రెండు వారాలకే అమ్మ చెప్పింది. "అబ్బయ్యా, గ్రైండరు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటున్నాయిరా" అని. ఆయనకి ఫోన్ చేశాను. "తడి చేతులన్నా, అంతే. అమ్మని చెప్పులేసుకోమను. ఎంసీబీ ఉంది గదా, ఏమన్నా అయితే అదే పడిపోద్ది" అన్నాడు. నేను నమ్మాను. బజారుకెళ్ళి రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చి అమ్మకిచ్చాను. పిండి రుబ్బే చోట నేల ఎప్పుడూ తడే. అమ్మ చెయ్యి మోచేతి దాకా పిండిలోనే ఉంటుంది. షాక్ కొడుతోందని కన్నతల్లి చెబితే నేను చేసింది చెప్పులు కొనివ్వడం. తలుచుకుంటే కడుపులో తిప్పుతోంది.

పొద్దున టెస్టుకి వచ్చినాయన మెయిన్ ఆఫ్ చేయించి, గ్రైండరు ప్లగ్గు దగ్గర ప్లేటు విప్పారు. పైన లావు రంధ్రం ఉంటుంది చూడండి, దానికి పచ్చ వైరు బిగించి ఉంది. గ్రైండరు బాడీకి కరెంటు పాకితే దాన్ని భూమిలోకి పంపే వైరు అది. "ఎర్తింగ్ ఉంది కదండీ" అన్నాను. ఆయన ఏం మాట్లాడకుండా స్క్రూ వదులు చేసి, రెండు వేళ్ళతో వైరు పట్టుకుని లాగారు. బెత్తెడు ముక్క చేతిలోకి వచ్చింది. అటు చివర నల్ల టేపు చుట్టి, డబ్బాలోకి మడిచిపెట్టి ఉంది. ఎక్కడికీ పోలేదు ఆ వైరు. మర్చిపోయినవాడైతే అసలు వైరే పెట్టడు కదా. దీన్ని కొలిచి కోసి, ఒక చివర బిగించి, రెండో చివర టేపు చుట్టి, విప్పి చూసినవాళ్ళకి కూడా ఎర్తింగ్ ఉన్నట్టే కనపడాలని పెట్టాడు. ఆ పని చేస్తున్నప్పుడు పక్కనే మా అమ్మ ఆయనకి మజ్జిగ కలిపి ఇచ్చింది. ఇది నేను మర్చిపోలేను.

రెండో ప్లగ్గు ఇంకా ఘోరం. ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌తో కలిపేశాడు. టెస్ట్ ల్యాంపు పెడితే చక్కగా వెలుగుతుంది, అంతా బాగుందనుకుంటాం. ఎక్కడన్నా న్యూట్రల్ తెగిందా, 230 వోల్టులూ గ్రైండరు బాడీ మీదికే వస్తాయి.

ఇంటి నుంచి షెడ్డుకి ఆర్మర్డ్ కేబుల్ (ఇనుప తొడుగున్నది) వేశానని డబ్బులు తీసుకున్నాడు. తవ్వి చూస్తే జానెడు లోతులో పీవీసీ పైపు, అందులో మామూలు వైరు, మధ్యలో టేపు చుట్టిన అతుకు. పైపు వంచితే బురద నీళ్ళు కారాయి. ఆర్మర్డ్ కేబుల్‌నైనా రెండున్నర అడుగుల లోతున పూడ్చాలట. మెగ్గర్ (వైరు తొడుగులోంచి కరెంటు కారుతోందా అని కొలిచే మీటరు) పెట్టి 500 వోల్టులతో చూస్తే ఇన్సులేషన్ కనీసం 1 మెగాఓం రావాలి, మాకు 0.2 వచ్చింది. షెడ్డు లైను అక్కడికక్కడే తీయించేశారు.

ఎంసీబీ సంగతి కూడా అప్పుడే తెలిసింది. మాకు పెట్టింది 16 ఆంపియర్లది. దాన్ని దాటి కరెంటు లాగితేనే అది పడుతుంది. మనిషి ప్రాణం పోవడానికి ఒక ఆంపియరులో పదో వంతు చాలు. అంత తక్కువకే పడాలంటే ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్చు ఉండాలి. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టినా అది లైను ఆపేస్తుంది. మా బోర్డులో అది లేదు. బిల్లులో మాత్రం ఉంది.

బయటికొచ్చి ఆ వైరింగ్ ఆయనకి ఫోన్ చేశాను. ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఏందన్నా, గొడ్ల కొట్టానికి కూడా ఎర్తింగ్ కావాలా? వచ్చినాయనకి ఏదో ఒకటి ఇచ్చి పంపించుంటే అయిపోయేది గదా." మా అమ్మ పనిచేసే చోటయ్యా అది అన్నాను. "ఇప్పటిదాకా ఏం కాలేదు గదన్నా" అని పెట్టేశాడు. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

రిపోర్టు మీద సంతకం పెట్టిన లైసెన్సు ఆయన మా గడప తొక్కలేదు. ఎవరో కూడా నాకు తెలియదు. ఆ కాయితం చేతికిచ్చినప్పుడే "ఈయన ఎప్పుడొచ్చి చూశాడు?" అని ఒక్క మాట అడగాల్సింది. అడగలేదు.

మీరు చేయిస్తుంటే, ఎర్తింగ్ గుంట తవ్వి పైపు దించేటప్పుడు దగ్గరుండి చూడండి. పైపు రెండున్నర మీటర్లు ఉండాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేయాలి. మెయిన్ ఆఫ్ చేయించి ప్రతి ప్లగ్గూ విప్పించండి, పచ్చ వైరు లాగి చూడమనండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే పడాలి. ఇంట్లోవాళ్ళు జివ్వుమంటోందంటే వెంటనే మెయిన్ ఆపేయండి.

అమ్మ మధ్యాహ్నం నుంచి ఇంట్లో చిన్న గ్రైండరు మీదే రుబ్బుతోంది, రేపటి టిఫిన్ బండ్ల వాళ్ళకి సగం కూడా అందదు. ఆ పచ్చ వైరు ముక్క కవర్లో పెట్టి ఉంచాను. రేపు ఫిర్యాదుతో పాటు అదీ ఇస్తాను.