స్పానిష్ నేర్చుకోవడానికి సలమాంకా వెళ్లాలా, ఆంటిగ్వా వెళ్లాలా?

ఒకటి స్పెయిన్‌లో 1218లో పుట్టిన విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. రెండోది మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలాలో అగ్నిపర్వతాల నడుమ ఉన్న పాత రాజధాని. రెండుచోట్లా స్థానిక కుటుంబంతో ఉంటూ చదువుకోవచ్చు.

ఖర్చు: ఆంటిగ్వాలో ఫీజు, బస, భోజనం బాగా చవక. విమానం టికెట్ మాత్రం ఆ ఆదాలో కొంత తినేస్తుంది.

తరగతి: సలమాంకాలో ఎక్కువగా బృందంగా కూర్చుంటారు. ఆంటిగ్వాలో ఒక టీచరు, ఒక విద్యార్థి, రోజుకు నాలుగైదు గంటలు. నోరు విప్పక తప్పదు! బిడియస్తులకు ఇంతకంటే మంచి మందు లేదని నా నమ్మకం.

భాష: స్పెయిన్‌లో స్నేహితుల గుంపును 'వొసోత్రోస్' అంటారు. గ్వాటెమాలాలో ఏ గుంపునైనా 'ఉస్తెదెస్' అనే అంటారు, ఒక్కరే స్నేహితుడైతే 'వోస్'. 'తోర్తియా' అడిగితే స్పెయిన్‌లో బంగాళాదుంప ఆమ్లెట్, గ్వాటెమాలాలో మొక్కజొన్న రొట్టె వస్తుంది.

సంస్కృతి: ఆంటిగ్వా చుట్టుపక్కల పల్లెల్లో అక్కడి మాయా ఆదివాసుల భాషల్లో ఒకటైన కాక్చికెల్ వినిపిస్తుంది. ఈస్టర్ ముందు వారంలో వీధుల్లో రంగు రంపపు పొట్టుతో తివాచీలు పరుస్తారు. సంక్రాంతి ముగ్గులు చూసి పెరిగిన మనకు వెంటనే మనసుకు తగులుతాయి.

ఇబ్బంది: స్పెయిన్‌లో తొంభై రోజులు దాటితే విద్యార్థి వీసా, ఆర్థిక రుజువులు కావాలి. ఆంటిగ్వా దగ్గర ఫ్యూగో అగ్నిపర్వతం 2018లో ప్రాణాలు తీసింది. రాత్రిళ్లు ఒంటరిగా తిరగకూడదు.

యూరప్‌లో పై చదువు, డెలె (స్పానిష్ ప్రావీణ్యాన్ని ధ్రువీకరించే అధికారిక పరీక్ష) లక్ష్యమైతే సలమాంకా. చేతిలో డబ్బు తక్కువై, రెండు నెలల్లో మాట్లాడేయాలంటే ఆంటిగ్వా.