డ్యూక్ 2024-25 సీజన్: డబ్బు కట్టి ఆరు నెలలు చూశాక నా రివ్యూ

అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ మగపిల్లల బాస్కెట్‌బాల్ టీమ్ ఆ సీజన్‌లో 39 మ్యాచ్‌లు ఆడింది, అందులో నేను వదిలేసినవి మూడో నాలుగో ఉంటాయి అంతే. వాటికోసమే ఒక స్పోర్ట్స్ స్ట్రీమింగ్ ప్యాక్ తీసుకున్నాను. మేముండేది డ్యూక్ ఉన్న డర్హమ్‌కి దగ్గర్లోనే, కానీ వాళ్ళ కామెరాన్ ఇండోర్ స్టేడియంలో పట్టేదే 9,314 మంది, పెద్ద మ్యాచ్‌లకైతే డ్యూక్ స్టూడెంట్సే వారాల తరబడి టెంట్లు వేసుకుని పడుకుంటారు, ఇంక నాలాంటివాడికి టికెట్ ఎక్కడ దొరుకుతుంది. అందుకని టీవీయే.

ముందు ప్యాక్ సంగతి చెప్పేస్తాను. బొమ్మ బాగుంటుంది, పాత మ్యాచ్‌లు మళ్ళీ చూసుకోవచ్చు, రాత్రి పని అయ్యాక చూసేవాళ్ళకి అది చాలా ఉపయోగం. రెండు ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. మార్చిలో అసలు టోర్నమెంట్, అంటే దేశం మొత్తం మీద కాలేజీ ఛాంపియన్‌ని తేల్చేది, మొదలయ్యేసరికి ఆ మ్యాచ్‌లు ఇందులో రావు, వేరే చానెళ్ళకి మళ్ళీ వేరేగా కట్టుకోవాలి. ప్యాక్ తీసుకునేటప్పుడు ఆ ముక్క ఎక్కడా స్పష్టంగా చెప్పరు, అది అన్యాయం. రెండోది, అసలు ఆటకీ మన తెర మీద కనిపించేదానికీ అర నిమిషం పైనే తేడా ఉంటుంది. మామూలు రోజుల్లో ఇది లెక్కలోకి రాదు. ఏప్రిల్ 5న వచ్చింది, అది తర్వాత చెప్తాను.

ఇక సీజన్. ఇంత ఆశ పెట్టుకుని చూసిన టీమ్ నాకు ఇంకోటి లేదు. మెయిన్ అనే రాష్ట్రంలో న్యూపోర్ట్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన కూపర్ ఫ్లాగ్, స్కూలు ఒక ఏడాది ముందే ముగించుకుని వచ్చాడు, సీజన్ మొదలైనప్పుడు వాడికి ఇంకా 17 ఏళ్ళే. విస్కాన్సిన్ నుంచి కాన్ కనిపల్, త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేయడంలో అసలు తొందరపడడు. దక్షిణ సూడాన్ కుర్రాడు ఖమాన్ మలువాచ్, ఏడడుగుల రెండంగుళాలు, డ్యూక్‌కి రాకముందే పారిస్ ఒలింపిక్స్‌లో తన దేశానికి ఆడేశాడు. ముగ్గురూ ఫ్రెష్‌మెన్, అంటే కాలేజీలో మొదటి ఏడాది వాళ్ళు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ రూల్ ప్రకారం డ్రాఫ్ట్‌లోకి (టీములు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమం) వెళ్ళే క్యాలెండర్ ఏడాదిలో 19 ఏళ్ళు నిండాలి, స్కూలు అయ్యాక ఒక ఏడాది గడవాలి, కాబట్టి ఇలాంటివాళ్ళు కాలేజీలో కనిపించేది ఆ ఒక్క ఏడాదే. మూడేళ్ళు చూద్దాంలే అనుకోవడానికి వీల్లేదు.

ఫ్లాగ్ గురించి ఎంత రాసినా తక్కువే. సగటున మ్యాచ్‌కి 19 పాయింట్లు, ఏడున్నర రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని అందుకోవడం), నాలుగు అసిస్టులు (బుట్టలో పడిన షాట్‌కి పాస్ ఇవ్వడం). పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్ (బంతి లాగేసుకోవడం), బ్లాక్స్ (షాట్ ఆపడం) అన్నింట్లోనూ టీమ్‌లో వాడే ముందు. జనవరి 11న నోటర్ డామ్ మీద 42 కొట్టాడు, డ్యూక్ ఆడే లీగ్ ఏసీసీలో ఒక ఫ్రెష్‌మన్ ఒక మ్యాచ్‌లో అంత కొట్టడం అంతకుముందు లేదు. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ 42 కాదు. టీమ్ 20 పాయింట్లు ముందున్నా సరే అవతలివాడు ఒంటరిగా బంతి పట్టుకుని పరిగెడుతుంటే వెనకాల నుంచి కోర్టంతా దాటి వచ్చి ఆ బంతిని బోర్డుకేసి కొట్టడానికి ఎగిరేవాడు. ఎవరూ అడగరు, స్కోరుకి అవసరం కూడా లేదు, అయినా ఎగురుతాడు. మా వాడికి పన్నెండేళ్ళు, స్కూల్ టీమ్‌లో ఆడతాడు, షాట్లు మానేసి అదే ప్రాక్టీస్ చేయడం మొదలుపెట్టాడు.

కోచ్ జాన్ షయర్‌ని కూడా మెచ్చుకోవాలి. ఉత్త పిల్లలతోనే టీమ్ నింపకుండా వేరే కాలేజీల నుంచి సియోన్ జేమ్స్, మేసన్ గిల్లిస్, మలీక్ బ్రౌన్ లాంటి అనుభవం ఉన్నవాళ్ళని తెచ్చుకున్నాడు. ఫలితం 35 గెలుపులు, 4 ఓటములు, ఏసీసీలో 19-1. ఏసీసీ టోర్నమెంట్‌లో ఫ్లాగ్‌కి చీలమండ బెణికి, మలీక్ బ్రౌన్‌కి భుజం జారి, ఇద్దరూ లేకపోయినా కప్పు తెచ్చారు. కనిపల్‌కి ఉత్తమ ఆటగాడి అవార్డు వచ్చింది. నార్త్ కరోలినాని ఒకే సీజన్‌లో మూడుసార్లు ఓడించారు, ఇక్కడ ఉండేవాళ్ళకి అది ఎంత పండగో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నాలుగు ఓటములు పక్కపక్కన పెట్టి చూడండి. కెంటకీ చేతిలో 77-72, కాన్సాస్ చేతిలో 75-72, క్లెమ్‌సన్ చేతిలో 77-71, హ్యూస్టన్ చేతిలో 70-67. నాలుగూ కలిపితే 17 పాయింట్లు. ఈ టీమ్‌ని ఎవరూ చిత్తుగా ఓడించలేదు. ఓడిన ప్రతిసారీ చివరి రెండు మూడు నిమిషాల్లోనే ఓడింది. కాన్సాస్ మ్యాచ్‌లో అయితే వాళ్ళ పెద్ద ఆటగాడు హంటర్ డికిన్సన్‌ని పది నిమిషాల ఆట ఉండగానే బయటికి పంపేశారు, అయినా డ్యూక్ గెలవలేకపోయింది. గెలిచినవి మాత్రం చాలావరకు భారీ తేడాతోనే గెలిచారు, ఆ ఏడాది ఏసీసీ బలహీనంగా ఉంది, మార్చి టోర్నమెంట్‌కి నాలుగు టీములే వెళ్ళాయి. నా ఉద్దేశంలో అదే దెబ్బ తీసింది. ఒక పాయింటు తేడాతో నిమిషం ఉండగా ఊపిరి బిగబట్టి ఆడటం ఎలాగో నేర్చుకునే అవకాశం ఈ టీమ్‌కి సరిగ్గా రాలేదు. ఏసీసీ సెమీస్‌లో నార్త్ కరోలినా మీద 24 పాయింట్లు ముందుండి చివరికి మూడింటితో బయటపడ్డారు, అదీ ఆఖరి సెకన్లలో అవతలివాళ్ళు ఫ్రీ త్రో (ఫౌల్ వల్ల వచ్చే ఉచిత షాట్) దగ్గర లైను దాటి తప్పు చేయబట్టి. ఆ రాత్రి అందరూ సంబరపడ్డారు, నాకు మాత్రం గుండెలో రాయి పడ్డట్టయింది.

మూడు వారాలకి శాన్ ఆంటోనియోలో, ఫైనల్ ఫోర్‌లో, అంటే మార్చి టోర్నమెంట్ సెమీస్‌లో, హ్యూస్టన్ మీద అదే జరిగింది. ఎనిమిది నిమిషాలు ఉండగా డ్యూక్ 14 పాయింట్లు ముందుంది. "నాన్నా, గెలిచేసినట్టే కదా?" అన్నాడు మా వాడు. అవునన్నాను. అక్కడి నుంచి బుట్టలో బంతి పడటం దాదాపు ఆగిపోయింది, ఆఖరి పదిన్నర నిమిషాల్లో డ్యూక్ వేసిన ఫీల్డ్ గోల్ (ఫ్రీ త్రో కాని బుట్ట) ఒక్కటే. అయినా 35 సెకన్లు ఉండగా 67-61. నా ఫోను టేబుల్ మీద ఉంది, గుయ్యిమంది. మా తెర మీద ఇంకా ఆరు పాయింట్ల ఆధిక్యమే, డ్యూక్ కుర్రాళ్ళు ఇంకా ప్రశాంతంగానే నిలబడి ఉన్నారు, ఫోనులో మాత్రం వేరే స్కోరు. మా వాడు నా మొహం చూశాడు, నేను ఫోను బోర్లించేశాను. ఆ తర్వాత మేము చూసిందంతా ముందే జరిగిపోయింది. హ్యూస్టన్ త్రీ వేసింది, డ్యూక్ బయటి నుంచి లోపలికి వేసిన బంతిని లాగేసుకుంది, వాళ్ళ తర్వాతి షాట్ తప్పినా హ్యూస్టన్ ఆటగాడు టగ్లర్ ఎగిరి బంతిని బుట్టలో కుక్కేశాడు. డ్యూక్ టైరీస్ ప్రాక్టర్ ఫ్రీ త్రో తప్పింది, మొదటిది పడితేనే రెండోది ఇస్తారు, అది పడలేదు. ఆ రీబౌండ్ దగ్గర ఫ్లాగ్ ఫౌల్ చేశాడన్నారు, హ్యూస్టన్ రెండు ఫ్రీ త్రోలూ వేసి 68-67. ఆఖర్న ఫ్లాగ్ లోపలికి వచ్చి, ఆగి, హ్యూస్టన్ ఆటగాడు రాబర్ట్స్ చేతుల మీదుగా వేశాడు, బంతి రింగు ముందు అంచుకి తగిలి వెనక్కి వచ్చేసింది. అప్పటికే 27 పాయింట్లు వేసినవాడు, ఆ షాట్ వాడే వేయాలి, ఇంకెవరు వేస్తారు.

పిల్లల టీమ్ కాబట్టి ఓడిందని చాలామంది అన్నారు, నేను ఒప్పుకోను. బయటి నుంచి బంతి వేసింది సీనియరే, ఫ్రీ త్రో తప్పిన ప్రాక్టర్‌కి అది మూడో ఏడాది. పిల్లలు గెలవలేరనడానికీ లేదు, 2015 ఫైనల్లో ఇదే డ్యూక్ ఫ్రెష్‌మెన్ 9 పాయింట్లు వెనకబడి కూడా విస్కాన్సిన్‌ని ఓడించారు. లోపం వయసులో లేదు, ఆ పదిన్నర నిమిషాల్లో టీమ్ మొత్తం బంతి ఫ్లాగ్‌కి ఇచ్చేసి చూస్తూ ఉండిపోయింది. షయర్ ఒక టైమౌట్ తీసుకుని మలువాచ్ వైపో కనిపల్ వైపో ఆట మళ్ళించి ఉండాల్సింది.

జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఫ్లాగ్‌ని డల్లాస్ మొదటి పేరుగా పిలిచింది, కనిపల్ నాలుగు, మలువాచ్ పది. మేమిద్దరం అది కూడా కూర్చుని చూశాం.

సీజన్‌కి నేను అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ప్యాక్‌కి మూడు. తీసుకోవాలనుకుంటే తీసుకోండి, కానీ మార్చి మ్యాచ్‌లు అందులో వస్తాయో రావో ముందే అడిగి చూడండి. 2025-26 సీజన్‌కి బూజర్ కవలలు కామెరాన్, కేడెన్ డ్యూక్‌కి వచ్చారు, వాళ్ళ నాన్న కార్లోస్ బూజర్ 2001లో ఇక్కడే కప్పు గెలిచాడు. నేను ప్యాక్ రద్దు చేయలేదు. ఫోనులో స్కోర్ నోటిఫికేషన్లు మాత్రం తీసేశాను.