సెవిల్ (స్పెయిన్) పాతపేటలో చిన్న హోటల్: 19 రాత్రుల తర్వాత మండువా మీద నాలుగు మాటలు

ఈ హోటల్లో మెచ్చుకోవాల్సింది ఒక్కటే, తిట్టుకోవాల్సిందీ అదే. నడుమ ఉన్న మండువా. సెవిల్‌లో దాన్ని పాతియో అంటారు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి చూసినవాళ్ళకి వర్ణన అక్కర్లేదు: చుట్టూ గదులు, మధ్యలో ఆకాశం. తేడా పైకప్పులో ఉంది. మన పెంకుల కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలి వాన నీళ్ళని మండువాలోకి దించుతుంది. వాళ్ళది చదును డాబా. ఆ డాబా పిట్టగోడ నుంచి ఎదుటి పిట్టగోడ దాకా వేసవి అంతా ఒక పెద్ద గుడ్డ లాగుతారు. దాని పేరు వేలా, అంటే తెరచాప.

ఉన్నది సాంతా క్రూజ్ పేటలో, 12 గదుల హోటల్. జూలైలో 8 రాత్రులు, సెప్టెంబరులో 5, మార్చిలో 6. కెథీడ్రల్‌కి ఎన్ని నిమిషాలు, అల్కాసర్ కోట ఎంత దగ్గర అన్నవి బుకింగ్ పేజీల్లోనే ఉంటాయి కాబట్టి వదిలేద్దాం. ‘మధ్యయుగపు యూదుల ఇల్లు’ అని హోటల్ రాసుకున్నది మాత్రం కొంచెం తగ్గించి చదువుకోవాలి. 1391లో యూదుల మీద జరిగిన దాడుల దాకా ఇది వాళ్ళ పేటే. సాంతా మరియా లా బ్లాంకా చర్చి ఒకప్పటి సినగాగే, అంటే యూదుల ప్రార్థనా మందిరమే. కానీ ఇప్పుడు కనబడే చిన్న చిన్న కూడళ్ళలో, తెల్ల గోడల్లో చాలా భాగం ఆ ఊళ్ళో జరిగిన 1929 ఎగ్జిబిషన్‌కి ముందు దశాబ్దాల్లో దిద్ది తీర్చినవి. ఇరుకు సందులు మాత్రం పాతవే.

వేలా పని చూస్తే ముచ్చటేస్తుంది. పొద్దున తొమ్మిది లోపు, ఎండ ఇంకా గోడ పై అంచు మీద ఉండగానే గుడ్డ లాగేస్తారు. రాత్రి చల్లబడి కిందికి దిగిన గాలి మండువా అడుగున అలాగే నిలిచి ఉంటుంది. పైన మూత పడితే వేడి గాలి వచ్చి అందులో కలవదు. నాపరాళ్ళ మీద, మొక్కల కుండీల చుట్టూ రోజుకి రెండుసార్లు నీళ్ళు చల్లుతారు. సెవిల్ మధ్యాహ్నపు గాలి ఎండుగా ఉంటుంది కాబట్టి ఆ తడి ఆరేటప్పుడు చల్లదనం తెలుస్తుంది. ఏప్రిల్లో హైదరాబాదులో కూలర్ పనిచేసి విశాఖలో ఎందుకు పనిచేయదో తెలిసినవాళ్ళకి ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. పొద్దు గుంకాక, అంటే జూలైలో రాత్రి పదింటికి కాస్త అటూ ఇటూ, గుడ్డ మడిచేస్తారు. గోడలు పగలంతా దాచుకున్న వేడిని ఆకాశానికి వదిలేస్తాయి. ఇది ఆలస్యమైతే మర్నాటి చల్లదనం దెబ్బతింటుంది. వీధిలో 41 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం మండువాలో కుర్చీ వేసుకుని పుస్తకం చదువుకోవచ్చు. దీన్ని ఏసీ గదితో పోల్చకూడదు, వీధితో పోల్చాలి.

జూలై మూడో రోజున ఆ గుడ్డ సగంలో ఆగిపోయింది.

రెండు ఉక్కు తీగలు ఈ గోడ నుంచి ఆ గోడకి బిగించి ఉంటాయి. గుడ్డ అంచుల్లో కుట్టిన రింగులు ఆ తీగల మీద జారతాయి. లాగడానికి ఒక తాడు, వెనక్కి తేవడానికి ఇంకొకటి, రెండూ మన నూతి గిలక లాంటి గిలకల మీంచి వస్తాయి. అంతకుముందు రాత్రి గుడ్డని పూర్తిగా మడవకుండా వదిలేశారు. గాలి లేచింది. తెరచాప అన్న పేరు ఊరికే రాలేదు. గాలి నిండిన గుడ్డ తీగని గుంజి, చివర తిప్పి బిగించే మరను సడలించింది. తీగ నడుమ జారింది. పొద్దున లాగేసరికి రింగులన్నీ ఆ పల్లంలో గుమిగూడి బిగుసుకున్నాయి. అక్కడ ఆగి వెనక్కి తేవాలి. రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడు ఇంకాస్త బలంగా లాగాడు. తాడు గిలక గాడిలోంచి ఎగిరి, చక్రానికీ పక్క రేకుకీ మధ్య ఇరుక్కుంది. ఇక ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

సెవిల్‌లో వేసవి గడియారం ప్రకారం సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12కి కాదు, దాదాపు 2:30కి. అసలు వేడి సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా. ఎండ దక్షిణం నుంచి వాలి పడుతుంది కాబట్టి ఉత్తరపు వరస గదుల గోడే దెబ్బ తింటుంది. ఆ వరసలో మొదటి అంతస్తు గదిలో ఏసీ 22 మీద పెట్టినా సాయంత్రం ఆరింటికి గది 27 నుంచి దిగలేదు. ఏసీది తప్పనలేం. ఆ గదికున్న ఒకే ఒక్క కిటికీ మండువా వైపు ఉంది. నీడ ఉంటుందన్న లెక్క మీదే చిన్న ఏసీ బిగించినట్టుంది. దాని బయటి పెట్టె కూడా పైన డాబా మీద ఎండలోనే కాగుతోంది. రిపేరు మనిషి మర్నాడు సాయంత్రానికి వచ్చాడు. వచ్చాక పని ముప్పావు గంట కూడా పట్టలేదు: తీగ బిగించడం, గిలక మార్చడం, కొత్త తాడు ఎక్కించడం. ఒక గిలక, పది పన్నెండు మీటర్ల తాడు హోటల్లో ఉంచుకుంటే రెండు మధ్యాహ్నాలు మాడేవి కావు. బిల్లులో తగ్గించింది ఏమీ లేదు, గది మార్చుకోమన్నారు.

మార్చిన గది కింది అంతస్తులో, దక్షిణపు వరసలో ఉంది. ఫొటోల్లో అన్నిటికంటే నాసిగా కనబడేది అదే. జూలైకి అసలైన గది కూడా అదే. ఎండ దాని గోడని ముట్టుకోదు, ఏసీ 25 మీద పెట్టినా అర్ధరాత్రి చలేసి లేచి దాని జోరు తగ్గించుకోవాలి.

అయితే పైన పొగిడిన మండువా రాత్రి పూట బావి. పింగాణీ పలకల గోడలు, రాతి నేల, మధ్యలో ఫౌంటెన్. మాటని మింగే గుడ్డ ముక్క ఒక్కటీ లేదు. వేలా కూడా అప్పటికి మడిచేసి ఉంటుంది. ఆ ఊళ్ళో రాత్రి వంటశాలలు తెరిచేదే ఎనిమిదిన్నరకి. జనం పన్నెండున్నర, ఒంటిగంటకి తిరిగొస్తారు. ఇనప కటకటాల తలుపు గడియ, చక్రాల సూట్‌కేసు, మెట్ల దగ్గర గుసగుసలు, అన్నీ మంచం పక్కనే జరిగినట్టు వినబడతాయి. ఫౌంటెన్ 11కి ఆపుతారు, అది మేలని మొదట అనిపిస్తుంది. ఆపాక తెలుస్తుంది, అప్పటిదాకా ఆ నీళ్ళ చప్పుడే మిగతా చప్పుళ్ళని కప్పిందని. చెవుల్లో పెట్టుకునే మైనపు బిళ్ళలు ఇంటి నుంచే తెచ్చుకోండి.

గది అడిగేటప్పుడు రెండు మాటలు గుర్తుంటే చాలు. ‘ఇంతెరియోర్’ అంటే మండువా వైపు, ‘ఎస్తెరియోర్’ అంటే వీధి వైపు. వీధి వైపు కాస్త వెలుతురు ఉంటుంది, పొద్దున్నే రాళ్ళ మీద సామాను బళ్ళ మోతా ఉంటుంది. వేసవికి ఇంతెరియోర్, దక్షిణపు వరస, మెట్లకి దూరంగా. డాబా కింద ఉన్న పై అంతస్తు జూలై, ఆగస్టుల్లో వద్దు. పగలంతా కాగిన కప్పు రాత్రి మంచం మీదకి వేడి దింపుతుంది. మార్చిలో లెక్క తిరగబడింది. కింది గదిలో నాలుగింటికే దీపం వెలిగించాలి, అలమరాలో చెమ్మ వాసన, చలి. అప్పుడు పై గదే సుఖం, పైగా వీధుల్లోని చేదు నారింజ పూల వాసన కిటికీలోంచి వస్తుంది. (కాయలు కోసుకు తినకండి, నోరు వంకరపోతుంది.)

మిగతావి గబగబా. కుళాయి మీద C అంటే వేడి నీళ్ళు, కలియెంతె, F చల్లవి. మనకున్న ఇంగ్లీషు అలవాటుతో C తిప్పితే చెయ్యి కాలుతుంది. మన మూడు పిన్నుల ప్లగ్గు ఎక్కదు, సన్న రెండు పిన్నుల చార్జర్ ఎక్కుతుంది. కరెంటు 230 వోల్టులే. బాత్రూములో మగ్గూ బకెట్టూ ఉండవు, ఇంత ఇరుకు గదుల్లో కూర్చుని కడుక్కునే తొట్టికీ (బిడే) చోటు లేదు. లిఫ్టు లేదు, పై గదికి 43 మెట్లు. టాక్సీ సందుల్లోకి రాదు, మాతెయోస్ గాగో వీధి దగ్గర దింపుతుంది; అక్కడి నుంచి గులకరాళ్ళ మీద చక్రాలు లాగడం కంటే పెట్టె చేత్తో మోయడమే తేలిక. శాకాహారులు పొద్దున టమాటా, ఆలివ్ నూనె రాసిన కాల్చిన రొట్టెతో గడుపుకోవచ్చు. బయట పాలకూర శనగలు, ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్, జీలకర్ర వాసనతో ఇంటి కూరకి దగ్గరగా ఉంటుంది. సాల్మొరేఖో చల్లటి టమాటా గుజ్జే గానీ పైన పంది మాంసం ముక్కలు చల్లుతారు, ‘సిన్ హమోన్’ అని ముందే చెప్పాలి.

జూలై, ఆగస్టుల్లో ఆ ఊళ్ళో గిరాకీ తక్కువ కాబట్టి ఇదే గది ఈస్టర్ వారం ధరలో చిన్న భాగానికి దొరుకుతుంది. ఆ ధరకి, గాఢంగా నిద్రపోయే ఇద్దరికి, మెట్లెక్కగలిగినవాళ్ళకి, ఎండవేళ నాలుగు గంటలు మండువాలో కూర్చునే ఓపిక ఉంటే మళ్ళీ వెళ్ళొచ్చు. పెద్దవాళ్ళనో చంటిపిల్లనో తీసుకెళ్ళేవాళ్ళు పేట బయట, లిఫ్టు ఉన్నచోట చూసుకోవడం నయం. ఈస్టర్ వారంలోనైతే ఎవరికీ చెప్పలేం: మంగళవారం ఊరేగింపు మాతెయోస్ గాగోలోని చర్చి నుంచే బయల్దేరుతుంది, ఆ సాయంత్రం పెట్టెతో హోటల్ చేరడం కాని పని. జూన్‌లో వెళ్తుంటే బుక్ చేసేముందు ఒక్క మెయిల్ పెట్టండి, వేలా ఏ తేదీకి కడతారని. కట్టకముందు ఆ ఉత్తరపు గదులు ఏ ధరకీ వద్దు.