నది కనబడని టేబుల్‌కి 200

పన్నెండేళ్ళుగా విజయవాడలో ఉంటున్నాం. చుట్టాలొస్తే దుర్గగుడికి తీసుకెళ్తాం, బట్టలు కావాలంటే బీసెంట్ రోడ్డుకి వెళ్తాం. ఇద్దరమే కలిసి ఊరు చూద్దామని బయల్దేరింది మాత్రం మొన్న ఆదివారమే. పాప తెనాలిలో అమ్మమ్మ దగ్గర ఉంది. ఎప్పుడూ వెళ్ళని చోట్లకే వెళ్దామని ముందే అనుకున్నాం. స్కూటర్‌లో 200కి పెట్రోలు కొట్టించి, గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ తిని (ఇదొక్కటి పాత చోటే), ఎనిమిదిన్నరకి కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దాటాం.

ముందు మంగళగిరి. కొండ మీద పానకాల స్వామి దర్శనం మధ్యాహ్నం మూడింటి దాకానే, ఆ తర్వాత దేవతలు వచ్చి పూజ చేసుకుంటారని నమ్మకం. అందుకే పొద్దున్నే వెళ్ళండి. స్కూటర్ పైదాకా పోతుంది. అర్చకులు శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తుంటే గుటక వేసినట్టు చప్పుడు వినబడింది. అది ఆగగానే మిగిలింది మనకి ప్రసాదంగా ఇచ్చేస్తారు. బెల్లం, మిరియాల ఘాటు బాగా తెలుస్తోంది. గుడంటే పెద్దగా ఇష్టపడని మా ఆయన ఇంకో గ్లాసు అడిగి తాగారు.

కింద గుడి గాలిగోపురం 11 అంతస్తులు, 153 అడుగులు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09లో కట్టించారు. మెడ నొప్పెట్టే దాకా చూశాం. దగ్గర్లోనే నిజాం అంచు నేత చీర ఒకటి తీసుకున్నాను, 1,650. బేరం ఆడలేదు. మగ్గం మీద ఎంతసేపు పడుతుందో కొట్టాయన చెబుతుంటే ఆడాలనిపించలేదు.

భోజనం దగ్గరే మా రోజు చెడింది.

కరకట్ట వైపు కొత్తగా పెట్టిన ఒక రెస్టారెంట్ ఫోటోలు ఫోన్‌లో చూసి, నది పక్కన కూర్చుని తిందామని నేనే పట్టుబట్టాను. పార్కింగ్‌కి 30 తీసుకున్నారు, చీటీ ఇవ్వలేదు. "రివర్ సైడ్ కావాలా మేడమ్?" అని అడిగితే అవునన్నాను. తీసుకెళ్ళి కూర్చోబెట్టిన చోట మాకూ నదికీ మధ్య తల ఎత్తున ఆకుపచ్చ నెట్ కట్టి ఉంది. ఎండ పడుతుందని కట్టారట. లేచి నిలబడి, మునివేళ్ళ మీద చూస్తే తప్ప నీళ్ళు కనబడలేదు. వేరే టేబుల్ అడిగితే అన్నీ బుక్ అయ్యాయన్నారు. మేము తిని లేచే దాకా పక్క మూడు టేబుళ్ళూ ఖాళీగానే ఉన్నాయి.

కోడి పులావ్ 460, రొయ్యల వేపుడు 420, రెండు లైమ్ సోడాలు 240, నీళ్ళ సీసా 60. పులావ్ నలభై నిమిషాలకి వచ్చింది, అన్నం పైన వేడి, లోపల చల్లన. రొయ్యలు బాగున్నాయి, అబద్ధం చెప్పను. పన్నెండు ముక్కలు లెక్కపెట్టాను.

బిల్లు 1,594. లెక్క చూస్తే రివర్ సైడ్ సీటుకి 200, దాంతో కలిపి పది శాతం సర్వీస్ ఛార్జి 138, ఆ మొత్తం మీద జీఎస్టీ. సర్వీస్ ఛార్జి తీసేయమన్నాను. "సిస్టమ్‌లో అదే వచ్చేస్తుంది మేడమ్, అందరూ కడుతున్నారు" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. మా ఆయన మోచేత్తో పొడిచి, "పోనివ్వు, ఆదివారం పూట గొడవెందుకు" అన్నారు. నాకు పోనివ్వబుద్ధి కాలేదు. సర్వీస్ ఛార్జిని హోటళ్ళు వాటంతటవే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. అదే చెప్పి, 1915కి ఫోన్ చేస్తానన్నాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, నంబరు దాచుకోండి. మేనేజర్ వచ్చి రెండు నిమిషాల్లో వేరే బిల్లు కొట్టించాడు, 1,449. సీటు 200 మాత్రం తగ్గించనన్నాడు, బోర్డు పెట్టామన్నాడు. బోర్డు ఉన్న మాట నిజమే, పూలకుండీ వెనక. బిల్లు చూడకుండా ఎక్కడా కట్టకండి, సీటుకి వేరే డబ్బులున్నాయా అని కూర్చోకముందే అడగండి.

బయటికొచ్చాక పావుగంట మా ఇద్దరికీ మాటల్లేవు. నేను అందరి ముందూ గట్టిగా మాట్లాడానని ఆయనకి, నా పక్కన నిలబడలేదని నాకు.

ఉండవల్లి గుహల దగ్గర టికెట్ మనిషికి 25. ఒకే కొండని తొలిచి నాలుగు అంతస్తులు చేశారు. విష్ణుకుండిన రాజుల కాలం నాటివంటారు. కింది అంతస్తు చూసి ఇంతేనా అని వెనక్కి తిరగకండి. మెట్లెక్కి లోపలికి వెళ్తే శేషుని మీద పడుకున్న అనంతపద్మనాభుడు, పొడవు పదిహేను అడుగుల పైమాటే. బయట ఎండ మండుతుంటే లోపల రాయి చల్లగా ఉంది. కళ్ళు చీకటికి అలవాటు పడేకొద్దీ ముందు పాదాలు, తర్వాత చెయ్యి, చివరికి మొహం కనబడ్డాయి. దేవుణ్ణి అంత నెమ్మదిగా నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన స్తంభానికి ఆనుకుని, "పన్నెండేళ్ళుగా ఇది ఇంత దగ్గర్లో ఉందా!" అన్నారు. రెస్టారెంట్ తర్వాత అదే మొదటి మాట.

పై అంతస్తు వరండాలో కూర్చుని ఉన్న రాతి ఋషుల పక్కన గంటసేపు ఉన్నాం. ఎదురుగా పొలాలు, అరటితోటలు, గాలి. మంచినీళ్ళు మాత్రం తీసుకెళ్ళండి. వయసు పైబడినవాళ్ళకి మెట్లు కాస్త కష్టం.

తిరుగుదారిలో సీతానగరం ఘాట్ దగ్గర స్కూటర్ ఆపారు ఆయనే. ముంతకింద పప్పు రెండు పొట్లాలు, 80. ఒక పొట్లంలో ఉల్లిపాయ వద్దని నేను అడక్కముందే చెప్పారు. మెట్ల మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టాం. అవతల ఇంద్రకీలాద్రి మీద దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. బ్యారేజీ లైట్లు కృష్ణలో పొడుగ్గా సాగాయి. చీర కవరు ఆయన ఒళ్ళోనే పెట్టుకుని, తడవకుండా పట్టుకున్నారు.