మహారాణిపేటలో పసిపిల్లల కాలేయ స్కానింగ్

మా చెల్లెలి పాపకు ఒంటిమీద ఐదుకు మించి ఎర్రటి రక్తనాళపు ఉబ్బులు కనిపించడంతో, అలాంటప్పుడు కాలేయాన్ని కూడా చూడాలని చెప్పి పిల్లల డాక్టరు గారు విశాఖపట్నం మహారాణిపేటలోని ఒక స్కానింగ్ సెంటర్‌కు పంపారు. అక్కడి రేడియాలజిస్టు జెల్‌ను ముందుగా వెచ్చబరచి, పాప తల్లి ఒడిలో పాలు తాగుతుండగానే, మత్తుమందు అవసరం లేకుండా, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగ్ పరీక్ష పూర్తిచేశారు. కాలేయంలోని చిన్న గడ్డలు క్యాన్సర్ కాని రక్తనాళపు గడ్డలైన హెమాంజియోమాలని, ఇవి మొదటి ఏడాదిలో పెరిగి తర్వాత వాటంతటవే కుంచించుకుపోతాయని, కాలేయమంతా వ్యాపిస్తే మాత్రం గుండెపై భారం పడవచ్చని, థైరాయిడ్ హార్మోను కూడా తగ్గవచ్చని ఎంతో ఓపికగా వివరించారు. అవసరమైతే ఈ గడ్డలకు 2008 నుంచి వాడుకలోకి వచ్చిన ప్రొప్రనలాల్ మందు ఉందన్న మాట మాకు కొండంత ధైర్యం. రిపోర్టులో ప్రతి గడ్డ కొలతనూ మిల్లీమీటర్లలో రాశారు. తదుపరి స్కానింగ్‌తో పోల్చడానికి అదే ఆధారం. పాలిచ్చే తల్లులకు వేరే గది లేకపోవడం ఒక్కటే లోటు.