కీ ఇచ్చే వాచీతో వార్డు డ్యూటీలు: హెచ్‌ఎంటీ జనతా వాడిన అనుభవం

నర్సు పెట్టుకునే వాచీకి సెకన్ల ముల్లు ఉండాల్సిందే. నాడి చూడాలన్నా, శ్వాస లెక్కపెట్టాలన్నా, సెలైన్ చుక్కలు సరిచేయాలన్నా అదే ఆధారం. షాపుకెళ్ళి లేడీస్ వాచీలు చూపించమని అడిగితే చాలా వాటిలో ఆ ముల్లే ఉండదు. చిన్న డయల్, చుట్టూ రాళ్ళు, సన్నటి చైను, గంటలకొకటి నిమిషాలకొకటి ముళ్ళు, అంతే. పెళ్ళిలో మావాళ్ళు పెట్టిన టైటాన్ కూడా అలాంటిదే. పట్టుచీర మీదికి ఎంత బాగుంటుందో చెప్పలేను, వార్డులో మాత్రం దాంతో పని జరగదు. అలా వెతుక్కుంటూ చివరికి హెచ్‌ఎంటీ జనతా దగ్గర ఆగాను. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తూ ఏళ్ళ తరబడి అదే పెట్టుకున్నాను. దాని వల్లే వాచీల మీద ఇష్టం పెరిగి, తర్వాత ఇంకొన్ని ఇంటికి చేరాయి. అందుకే ఎక్కువగా జనతా గురించే రాస్తాను, మిగతావి పోలికకు.

జనతా మగవాళ్ళ వాచీ కదా అని చాలామంది అంటారు. అప్పట్లో మగవాళ్ళ వాచీలే చిన్నవి. దీని కేసు వెడల్పు 35 మిల్లీమీటర్లు. ఇప్పుడు మగవాళ్ళకని అమ్ముతున్న 42, 44 మిల్లీమీటర్ల వాచీల పక్కన పెడితే ఇది ఎంతో ఒద్దికగా కనిపిస్తుంది. నా మణికట్టు సన్నం, అయినా అటూ ఇటూ పొడుచుకు రాకుండా చక్కగా కూర్చుంటుంది. డయల్ తెల్లగా, అంకెలు నల్లగా, సెకన్ల ముల్లు పొడవుగా మధ్యలోంచి తిరుగుతుంది. మంచం పక్కన నిలబడి పేషెంటు మణికట్టు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వాచీ వైపు ఓరగా చూస్తే చాలు, ఎక్కడున్నామో తెలిసిపోతుంది. అదే నాకు కావలసింది.

సెలైన్ విషయం చెబితే సెకన్ల ముల్లు ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. మామూలు డ్రిప్ సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. 500 మిల్లీలీటర్ల బాటిల్ నాలుగు గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడాలి. అంటే పావు నిమిషానికి పదో పదకొండో. చుక్క వంక చూస్తూ, ముల్లు వంక చూస్తూ ట్యూబు మీది రోలర్‌ని వేలితో కాస్త కాస్త జరుపుతాం. పెద్ద ఆసుపత్రుల ఐసీయూల్లో దీనికి పంపులున్నాయి. మామూలు వార్డుల్లో ఇప్పటికీ మా కళ్ళు, మా వాచీలే.

కీ ఇచ్చే వాచీ టైమ్ సరిగ్గా చూపించదు కదా, పేషెంట్ల దగ్గర దాన్ని నమ్మొచ్చా అని మా జూనియర్లు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. నా జనతా రోజుకు ఇరవై సెకన్ల దాకా వెనకబడుతుంది. ఇరవై సెకన్లంటే వినడానికి ఎక్కువే. అది రోజంతటికీ కలిపి వచ్చిన తేడా. ఒక్క నిమిషం నాడి చూసేటప్పుడు ఆ తేడా ఎంతో లెక్కేస్తే, సెకనులో డెబ్బయ్యో వంతు కూడా రాదు. మన వేలు నాడిని పట్టుకోవడంలో వచ్చే తేడా దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి నాడికి, చుక్కలకు జనతాను నిశ్చింతగా వాడొచ్చు. మందు ఇచ్చిన టైమ్ రాయడానికి మాత్రం పొద్దున్నే ఒకసారి ఫోన్ చూసి ముల్లు సరిచేసుకుంటే చాలు.

పొద్దున కీ ఇవ్వడం ఒక పనా అని విసుక్కునేవాళ్ళున్నారు. నాకైతే ఆ అర నిమిషమంటే చాలా ఇష్టం. యూనిఫాం వేసుకుని, జడ పిన్నులు పెట్టుకుని, వాచీని చేతికి పెట్టుకోకముందే కీ ఇస్తాను. చేతికి ఉండగా తిప్పితే కీ కడ్డీ మీద పక్కబలం పడుతుంది, అది మంచిది కాదు. బొటనవేలు, చూపుడువేలు మధ్య కీ ముందుకు తిప్పుతుంటే లోపల సన్నగా కిర్‌కిర్‌మంటుంది. మొదట వదులుగా తిరిగి, పోనుపోను బిగుసుకుని, ఇక తిరగనని వేలికి తెలిసేలా ఆగుతుంది. అక్కడితో ఆపేయాలి, బలవంతం చేయకూడదు. అలా నిండా ఇస్తే ఒకటిన్నర రోజు దాకా నడుస్తుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుని, మర్నాడు లేచేసరికి ఇంకా నడుస్తూనే ఉంటుంది.

డయల్ మీద 17 జ్యువెల్స్, పారాషాక్ అని రాసి ఉంటుంది. జ్యువెల్స్ అంటే ఫ్యాక్టరీలో తయారుచేసిన కెంపులు. చక్రాల ఇరుసులు లోహం మీద రాసుకుని అరిగిపోకుండా వాటి గుంటల్లో తిరుగుతాయి. పారాషాక్ అనేది వాచీ కిందపడితే బ్యాలెన్స్ చక్రం (ఇటూ అటూ ఊగుతూ వాచీ వేగాన్ని అదుపులో ఉంచేది) ఇరుసు విరగకుండా కాపాడే ఏర్పాటు. అది జపాన్ సిటిజన్ కంపెనీది. 1961లో ఆ కంపెనీ సాయంతోనే హెచ్‌ఎంటీ బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. తర్వాత తుమకూరులో కూడా ఫ్యాక్టరీ వచ్చింది. అనంతపురం వాళ్ళకు బెంగళూరు హైదరాబాదు కన్నా ఎంతో దగ్గర, తుమకూరు జిల్లా అయితే పొరుగే. అందుకే ఇక్కడ పాత ఇళ్ళలో బీరువా తెరిస్తే ఏదో ఒక హెచ్‌ఎంటీ బయటపడుతుంది. పెళ్ళిలో అల్లుడికి పెట్టింది, గుంతకల్లు రైల్వేలో పనిచేసిన తాతది, టీచర్ ఉద్యోగం వచ్చినప్పుడు మొదటి జీతంతో కొన్నది. 2016లో కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది. ఆ వార్త తర్వాత బీరువాల్లోని వాచీలకు గిరాకీ పెరిగింది.

ఇక లోపాలు. మొదటిది నీళ్ళు. మేం గంటకు ఎన్నిసార్లు చేతులు కడుగుతామో లెక్క ఉండదు. జనతాకు నీళ్ళు పడవు. ప్రొసీజర్ ఉందంటే వాచీ తీసి జేబులో వేసుకోవాలి, ఆపరేషన్ థియేటర్లోకి ఎలాగూ తీసుకెళ్ళం. ఇన్‌ఫెక్షన్ దృష్టితో చూసినా అదే పద్ధతి. రెండోది తోలు బెల్ట్. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండ తెలిసిందే, నలభై డిగ్రీలు దాటితే బెల్ట్ కింద చెమట ఆరదు. పైనుంచి శానిటైజర్ తగిలి తోలు పగిలి వాసన వస్తుంది. నేను తోలు మానేసి నైలాన్ పట్టీ వేయించాను. బెల్ట్ వెడల్పు 18 మిల్లీమీటర్లు, ఏ షాపులోనైనా దొరుకుతుంది. రోజూ రాత్రి సబ్బుతో ఉతికి ఫ్యాను కింద ఆరేస్తాను. మూడోది అద్దం. అది గాజు కాదు, అక్రిలిక్, ఇట్టే గీతలు పడుతుంది. మంచం రెయిలింగ్‌కి, ట్రాలీ అంచుకి తగులుతూనే ఉంటుంది. చిన్న గీతలైతే మెత్తని గుడ్డ మీద కాస్త టూత్‌పేస్టు వేసి ఓపిగ్గా రుద్దితే పోతాయి. చీకట్లో ముళ్ళు కనిపించకపోవడం ఇంకో లోటు. పేషెంట్లు పడుకున్నాక లైట్లు ఆర్పిన వార్డులో తిరిగేటప్పుడు పెన్ టార్చ్ వేసుకోవాల్సిందే.

ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. కీ వాచీ గానీ, చెయ్యి కదలికతో నడిచే ఆటోమేటిక్ గానీ పెట్టుకుని ఎంఆర్‌ఐ గది దరిదాపులకు పోవద్దు. లోపలికి ఇనుము తీసుకెళ్ళకూడదన్నది అందరికీ తెలుసు, అది పేషెంటు భద్రతకు సంబంధించింది. వాచీ సంగతికొస్తే, బలమైన అయస్కాంతం ప్రభావానికి లోపలి సన్న స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. అప్పుడు వాచీ ఒక్కసారిగా నిమిషాలకు నిమిషాలు ముందుకు పరుగెడుతుంది. పాడైపోయిందని భయపడక్కర్లేదు. అయస్కాంతం తీసేసే చిన్న మెషిన్ రిపేరీ వాళ్ళ దగ్గర ఉంటుంది, క్షణాల్లో అయిపోతుంది.

ఇన్ని లోపాలున్నా నేను జనతాను ఎందుకు వదల్లేదో ఇప్పుడు చెబుతాను. ఒకసారి అది రోజుకు నాలుగైదు నిమిషాలు వెనకబడుతుంటే అనంతపురం పాతూరులో చిన్న బంకులో కూర్చుని వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, వెనక మూత తిప్పి, కాసేపు చూసి, "మెషిన్‌కేం కాలేదు సిస్టర్, నూనె ఎండిపోయిండాది, అంతే" అన్నారు. చూస్తానని అడిగితే భూతద్దం నా చేతికిచ్చారు. బ్యాలెన్స్ చక్రం ఆగకుండా ఇటూ అటూ ఊగుతోంది, మధ్యలో వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగు విప్పుకుంటూ ముడుచుకుంటూ ఉంది. గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు ఐదు. సెకన్ల ముల్లు బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలోలా సెకనుకోసారి గెంతకుండా జారుతున్నట్టు కనిపించేది అందుకే. నేను చూస్తుండగానే ఆయన చక్రాలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, పెట్రోల్ గిన్నెలో కడిగి, మెత్తని బ్రష్‌తో తుడిచి, సూదిమొనతో ఒక్కో కెంపు దగ్గర నూనె చుక్క పెట్టి మళ్ళీ బిగించారు. అందులో మనిషి చేతికి అందని భాగం ఒక్కటి కూడా లేదు. ఏది పోయినా తీయొచ్చు, కడగొచ్చు, మార్చొచ్చు. అదీ మన ఊళ్ళో, మన కళ్ళ ముందే. ఇంట్లో ఉన్న వస్తువుల్లో అలాంటివి ఎన్నున్నాయో చూసుకోండి. ఫోన్ పాడైతే బోర్డు మార్చాలంటారు, లేదంటే కొత్తది కొనమంటారు. వాచీ మీద నా ప్రేమకు అసలు కారణం ఇదే.

పోల్చడానికి నా దగ్గరున్న మిగతా రెండు చెబుతాను. ఒకటి కేసియో ఎఫ్-91డబ్ల్యూ. 1989లో వచ్చిన మోడల్, ఇప్పటికీ తయారవుతోంది. బరువు 21 గ్రాములే, చేతికి ఉన్నట్టే తెలియదు. నెలకు ముప్ఫై సెకన్ల కన్నా ఎక్కువ తేడా రాదని కంపెనీ చెబుతుంది, బ్యాటరీ దాదాపు ఏడేళ్ళు. స్టాప్‌వాచ్ ఉంది. డబ్బు తక్కువ, పని ఎక్కువ అనుకునే నర్సింగ్ విద్యార్థులకు నేను ముందు చెప్పేది ఇదే. అయితే చుక్కలు లెక్కపెట్టేటప్పుడు మారిపోతున్న అంకెలు చదవడం కన్నా ముల్లు పావు వంతు తిరగడం చూడటమే కంటికి తేలిక. దాని లైటు కూడా బాగా బలహీనం, ఎడమ పక్కన ఒక ఆకుపచ్చ మిణుకు మాత్రమే.

రెండోది పాత సీకో 5 ఆటోమేటిక్. కీ ఇవ్వనక్కర్లేదు, చెయ్యి కదులుతుంటే లోపలి బరువు తిరిగి స్ప్రింగును చుడుతుంది. వార్డులో రాత్రంతా నడిచే నాకు ఇది చక్కగా సరిపోతుంది. వారం, తేదీ రెండూ ఒకే కిటికీలో ఉంటాయి, ముళ్ళు చీకట్లో వెలుగుతాయి. నీళ్ళు చిందినా భయం లేదు. వరసగా రెండు రోజులు సెలవు పెట్టి తీసి పక్కన పెడితే ఆగిపోతుంది. నా దానిలోని మెషిన్‌కు చేత్తో కీ ఇచ్చే వీలు లేదు, నెమ్మదిగా ఊపి మేలుకొల్పాలి. డ్యూటీకి ఏది మేలని అడిగితే నిజానికి ఇదే మేలు. ధర మాత్రం జనతాకు, కేసియోకు చాలా పైన.

క్వార్ట్జ్ అంటే చిన్నచూపు నాకు లేదు. 1969 డిసెంబరులో సీకో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ తెచ్చింది. ఇప్పటి క్వార్ట్జ్ వాచీల్లో మామూలుగా లోపలి స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, కాబట్టే అంత కచ్చితం. మన దేశంలో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి 1984లో పెట్టిన టైటాన్ హోసూరులో క్వార్ట్జ్ వాచీలు చేసి వీధివీధికీ చేర్చింది. నర్సు చేతికి కచ్చితమైన టైమ్ చౌకగా వచ్చింది అలాగే.

సేకరణ మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు నా సలహా ఒకటే. పెట్టుకోలేనన్ని కొనొద్దు. డబ్బాలో పడి ఉన్న వాచీలో నూనె ఎండుతూనే ఉంటుంది. నా దగ్గర ఉన్నవి వారంలో అన్నీ చేతికి వస్తాయి.

మా తోటి సిస్టర్ ఒకామె ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర జనతా అని తీసుకుంది. మెరిసే నారింజ డయల్, కొత్తగా నిగనిగలాడుతోంది. అరిగిన కేసులో అంత కొత్త డయల్ ఎలా వచ్చిందని పాతూరు పెద్దాయన దగ్గరికి తీసుకెళితే, పాత డయల్‌కి మళ్ళీ రంగు వేశారని తేలింది. సేకరించేవాళ్ళు ఇలాంటివాటిని ముంబై స్పెషల్ అంటారు. మెషిన్ నిజమైనదే అయినా ఆరు భాగాలు ఆరు వాచీలవి కావచ్చు. డయల్ మీద అక్షరాలు మందంగా, అంచులు పాకినట్టు ఉంటే అనుమానించండి. నిమిషాల గీతలు సమాన దూరంలో ఉన్నాయా, పేరు సరిగ్గా మధ్యలో ఉందా చూడండి. వెనక మూత తెరిచి మెషిన్ ఫోటో పెట్టమనండి, పెట్టనంటే వదిలేయండి. కాస్త పసుపు పట్టిన అసలు డయల్, మెరిసే రంగు డయల్ కన్నా ఎంతో మేలు.

ఇంట్లో తాతదో నాన్నదో ఉంటే బయట కొనే పనే లేదు. ఆగిపోయి ఏళ్ళయినా సరే, కీ తిప్పి చూడకుండా నేరుగా సర్వీసుకు ఇవ్వండి. ఎండిన నూనెతో నడిపితే ఇరుసులు అరుగుతాయి. పాతూరు పెద్దాయన దగ్గర ఒక రేకు డబ్బా నిండా నడవని జనతాలున్నాయి, విడిభాగాల కోసం దాచుకున్నారు. నా వాచీ కీ అరిగితే ఆ డబ్బాలోంచే తీసి వేశారు. మీ ఊళ్ళోనూ అలాంటి మనిషి ఉండే ఉంటారు. వాచీ కొనే ముందు ఆయన్ని వెతికి పట్టుకోండి.