మల్టీఫోకల్ లెన్సుకు డబ్బు కట్టే ముందు రెటీనా స్కాన్ అడగండి

ఇంట్లో పెద్దవాళ్లకు శుక్లాల ఆపరేషన్ చేయించబోతున్నవారు, ముఖ్యంగా వాళ్లకు షుగర్ ఉంటే, దయచేసి ఇది ఓపికగా చదవండి. ఆసుపత్రి ప్యాకేజీల పట్టికలో అన్నింటికంటే ఎక్కువ ధరతో కనిపించే మల్టీఫోకల్ లెన్సు, అంటే దూరం, దగ్గర రెండూ చూపించేలా చేసిన కృత్రిమ లెన్సు, అందరి కళ్లకూ సరిపడదు. సరిపడని కంట్లో దాన్ని పెడితే, ఆపరేషన్ ఏ లోపమూ లేకుండా జరిగినా చూపు సుఖంగా ఉండదు. మా నాన్నగారికి అదే జరిగింది.

నాన్నగారికి 68 ఏళ్లు. ఖమ్మంలో మందుల షాపు నడుపుతారు. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. మాత్రల రేకు మీద వెండి మెరుపులో కలిసిపోయే సన్నటి అక్షరాలను, గడువు తేదీలను చదవడం ఆయన రోజంతా చేసే పని. రాత్రి షాపు మూశాక స్కూటర్ మీద ఇంటికి వస్తారు. ఈ రెండు పనుల గురించి ఆసుపత్రిలో ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇదంతా రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.

హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు పరీక్ష చేసి, రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని, ఆపరేషన్ తప్పదని చెప్పారు. ఏ లెన్సు మంచిదని అడిగితే, అది కౌన్సెలర్ వివరిస్తారని చెప్పి పక్క గదికి పంపారు. అక్కడ ఉన్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ధరల పట్టిక ముందు పెట్టి, "సార్, ఇది వేయించుకుంటే ఇక జీవితాంతం కళ్లజోడుతో పని ఉండదు. మామూలు లెన్సు వేస్తే చదవడానికి అద్దాలు తప్పవు" అంది. రెండు కళ్లకూ ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంది. తర్వాత మా వైపు తిరిగి, "నాన్నగారికి ప్రీమియం లెన్సు వేయిద్దామా, మామూలుది చాలంటారా?" అని అడిగింది.

ఆ ప్రశ్ననే గుర్తుపెట్టుకోండి. కన్నతండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని మామూలుది చాలు అని ఏ బిడ్డ అంటాడు? వైద్యపరంగా తేలాల్సిన విషయాన్ని ప్రేమకు పరీక్షగా మార్చేసే ప్రశ్న అది. డబ్బు ఉందా లేదా అన్నదే తప్ప, ఈ కన్ను ఈ లెన్సుకు తగినదా అన్న మాట ఆ గదిలో ఒక్కసారి కూడా రాలేదు.

అసలు తేడా ఏమిటో ఆ తర్వాత రెండో డాక్టరు దగ్గర తెలిసింది. శుక్లం ఆపరేషన్‌లో మసకబారిన సహజ లెన్సును కరిగించి తీసేసి, అది ఉన్న పలుచని సంచిలోనే సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పున్న కృత్రిమ లెన్సు పెడతారు. మోనోఫోకల్ లెన్సు వెలుగునంతా ఒకే దూరానికి కేంద్రీకరిస్తుంది. సాధారణంగా దూరపు చూపుకు అమరుస్తారు కాబట్టి చదవడానికి అద్దాలు పెట్టుకోవాలి. మల్టీఫోకల్ రకాల్లో ఎక్కువ వాటి మీద సన్నటి వలయాలు చెక్కి ఉంటాయి. అవి లోపలికి వచ్చిన వెలుగునే దూరానికి కొంత, దగ్గరికి కొంత పంచుతాయి. ఒకే కుళాయి నీళ్లను రెండు బిందెలకు మళ్లించినట్టు. రెండు దూరాలకు సమానంగా పంచే పాత తరం లెన్సుల్లో ఒక్కో దూరానికి దాదాపు 41 శాతం వెలుగు చేరితే, మిగిలింది ఎటూ కాకుండా చెదిరిపోతుంది. కొత్త రకాల్లో పంపకం తీరు మారింది గానీ పంచడం మాత్రం తప్పలేదు. అందువల్ల అక్షరానికీ దాని వెనకున్న రంగుకూ మధ్య తేడా కొంత పలచబడుతుంది. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి పరిశీలించి 2016లో వచ్చిన కోక్రేన్ సమీక్ష కూడా ఇదే చెప్పింది: మల్టీఫోకల్ వేయించుకున్నవారికి దగ్గరి చూపు మెరుగ్గా ఉంటుంది, అద్దాల అవసరం తగ్గుతుంది, వలయాలూ జిగేలుమనడమూ మాత్రం ఎక్కువ. దూరపు చూపులో రెండు రకాలకూ పెద్ద తేడా లేదు.

ఈ లెన్సుతో హాయిగా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. రెటీనా (కంటి వెనక బొమ్మ పడే పొర), కార్నియా (కంటి ముందున్న పారదర్శకమైన పొర) ఆరోగ్యంగా ఉండి, రాత్రి ప్రయాణాలు తక్కువగా ఉండి, అద్దాలు లేకుండా ఉండాలన్న కోరిక గట్టిగా ఉన్నవారికి ఇది బాగా పనిచేస్తుంది. కానీ రెటీనా నడిమధ్యన, అక్షరాలను ముఖాలను పోల్చుకునే మాక్యులా అనే చోట ముందే జబ్బు ఉంటే, ఆ కన్ను వెలుగులో చిన్న కోతను కూడా తట్టుకోలేదు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి, గ్లాకోమా (నీటికాసులు) ముదిరినవారికి, మాక్యులా మీద పొర ఏర్పడినవారికి సాధారణంగా దీన్ని వద్దంటారు. మాక్యులా ఎలా ఉందో తెలుసుకోవడానికి ఓసీటీ అనే స్కాన్ ఉంది. నొప్పి ఉండదు, సూది ఉండదు, కొద్ది నిమిషాల పని. శుక్లం అడ్డుగా ఉన్నప్పుడు మామూలు పరీక్షలో దొరకని సన్నటి పొరలు కూడా ఇందులో చాలావరకు బయటపడతాయి. పదిహేనేళ్ల షుగర్ ఉన్న మనిషికి, లక్షకు పైగా వసూలు చేసిన ప్యాకేజీలో, ఆ స్కాన్ చేయలేదు.

మొదట కుడికన్నుకు ఆపరేషన్ చేశారు. కట్టు తీశాక గోడ మీది క్యాలెండర్ చదివి నాన్నగారు సంతోషించారు. షాపులో కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. పగటి వెలుతురులో పరవాలేదు గానీ సాయంత్రం ట్యూబులైటు కింద రేకు మీద అక్షరాలు బూడిద పూసినట్టు ఉన్నాయన్నారు. రాత్రి ఎదురుగా వచ్చే ప్రతి లారీ దీపం చుట్టూ పెద్ద వెలుగు చక్రం, దాని వెనక రోడ్డు కనిపించదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, మెదడు అలవాటు పడాలి, రెండో కన్నుకు కూడా అదే లెన్సు పడితే సర్దుకుంటుంది అన్నారు. ఎడమకన్నుకూ చేశారు. ఎడమకన్ను కొంత నయం. కుడికన్ను ఎప్పటిలాగే ఉంది.

అలవాటు పడడం అన్నది అబద్ధం కాదు. వలయాలు చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతాయి. కానీ మొదటి కన్నులో ఇబ్బంది ఎందుకు వస్తోందో తేల్చకుండా రెండో కన్నుకు అదే లెన్సు వేయడం సరికాదు. కళ్లు పొడిబారడం, కొద్దిగా పవరు మిగిలిపోవడం, లెన్సు మధ్యలో కూర్చోకపోవడం, మాక్యులా వాపు, ఇన్ని కారణాలు ఉండవచ్చు. ఒక్కోదానికీ పరీక్ష వేరు, చికిత్స వేరు. రెండో కన్నుకు డబ్బు ముందే కట్టేసి ఉన్నా సరే, తేదీ వాయిదా వేయమని అడిగే హక్కు మీకు ఉంది.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన విషయం. కొంతకాలానికి నాన్నగారి చూపు ఇంకాస్త మసకైంది. లెన్సు వెనక పొర కమ్మిందని, యాగ్ లేజర్‌తో ఐదు నిమిషాల్లో తీసేస్తామని ఆసుపత్రివారు చెప్పారు. శుక్లం ఆపరేషన్ తర్వాత ఇలా పొర కమ్మడం చాలా మామూలు, లేజర్ కూడా మంచి చికిత్సే. మా అక్క పట్టుబట్టి, లేజర్ కంటే ముందు ఆ ఆసుపత్రితో ఏ సంబంధమూ లేని రెటీనా నిపుణుడికి చూపిద్దామంది. ఆయన మొదటగా ఓసీటీ తీశారు. కుడికన్ను మాక్యులా మీద ముడతలు పడిన పలుచని పొర తెర మీద స్పష్టంగా కనిపించింది. "ఈ లెన్సు మార్చాలా వద్దా అన్నది తేలేదాకా యాగ్ చేయించకండి" అన్నారాయన.

కారణం ఇది. యాగ్ లేజర్ లెన్సును పట్టి ఉంచిన సంచి వెనక గోడకు రంధ్రం చేస్తుంది. ఆ గోడ చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు పాత లెన్సును తీసి, అదే సంచిలోనో దాని ముందో కొత్తది అమర్చడం నేర్పున్న సర్జన్‌కు సాధ్యమే. రంధ్రం పడ్డాక కంటి వెనకున్న జెల్లీ లాంటి విట్రియస్ ముందుకు వచ్చే ప్రమాదం ఉంటుంది, లెన్సుకు ఆధారం తగ్గుతుంది, మార్పిడి ఎంతో కష్టమవుతుంది. లెన్సు మీద అసంతృప్తితో ఉన్న మనిషికి తొందరపడి యాగ్ చేయడం అంటే తిరిగివచ్చే దారిని సగం మూసేయడమే. మల్టీఫోకల్ వేయించుకుని ఇబ్బంది పడుతున్నవారు ఇది ఒక్కటి గుర్తుపెట్టుకున్నా నాకు చాలు. లేజర్ గదిలోకి వెళ్లే ముందు, లెన్సు మార్చాల్సి రావచ్చా అని సూటిగా అడగండి.

చివరికి కుడికన్నులో లెన్సు తీసి మోనోఫోకల్ పెట్టారు. వేరే ఆసుపత్రి, వేరే ఖర్చు, వారాల తరబడి చుక్కల మందులు. మార్పిడి చిన్న పని కాదు. కార్నియా లోపలి కణాలు కొన్ని నశిస్తాయి, అవి మళ్లీ పుట్టవు. ఆ కంట్లో ఇప్పుడు వలయాలు లేవు, అద్దాలు పెట్టుకుని రేకు మీది తేదీ చదువుతున్నారు. మాక్యులా మీది పొర వల్ల గీతలు కొద్దిగా వంకరగా కనిపించడం అలాగే ఉంది, దాన్ని గమనిస్తూ ఉండాలన్నారు. ఎడమకన్నును కదిలించలేదు, అందులో రాత్రి చక్రాలు ఇంకా ఉన్నాయి. చీకటి పడ్డాక స్కూటర్ మానేశారు, తమ్ముడు వెళ్లి తీసుకొస్తాడు. ఎవరి మీదా ఆధారపడని మనిషికి అది ఎంత బాధో మాకు తెలుసు.

మామూలు లెన్సు అనే మాట విని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రులకు చెందిన ఆరోల్యాబ్ 1992 నుంచి లెన్సులు తయారుచేస్తూ, ఒకప్పుడు వంద డాలర్లకు అటూ ఇటూ పలికిన వస్తువును కొన్ని డాలర్లకే అందుబాటులోకి తెచ్చింది. అలాంటి మోనోఫోకల్ లెన్సులతోనే లక్షలాది మంది చక్కగా చూస్తున్నారు. ధర తక్కువని చూపు తక్కువ కాదు.

లెన్సు రకం ఎంత ముఖ్యమో, దాని పవరు కొలత కూడా అంతే ముఖ్యం. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంట్లో లెన్సు పెట్టిన మొట్టమొదటి రోగికి ఆపరేషన్ తర్వాత తీవ్రమైన మైనస్ పవరు మిగిలిపోయింది. ఇప్పుడు యంత్రాలు ఎంతో మెరుగయ్యాయి గానీ, కంటి పొడవు కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే దాదాపు రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల (అద్దాల పవరును కొలిచే యూనిట్) పవరు తారుమారవుతుంది. గతంలో కళ్లజోడు అవసరం తగ్గించుకోవడానికి లాసిక్ అనే లేజర్ చికిత్స చేయించుకున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, లెక్క వేసే సూత్రమే మారుతుంది. సిలిండర్ పవరు ఉన్నవారికి వేసే టోరిక్ లెన్సు కంట్లో ఒక్కో డిగ్రీ తిరిగిన కొద్దీ ఫలితం 3 శాతానికి పైగా తగ్గుతుంది, 30 డిగ్రీలు తిరిగితే దాని ప్రయోజనం మొత్తం పోతుంది. ఇవి కౌన్సెలర్‌ను కాదు, సర్జన్‌ను అడగాల్సిన విషయాలు. ఆయన మీకు ఐదు నిమిషాలు కేటాయించకపోతే అక్కడ డబ్బు కట్టకండి.

మాకు ఎదురుకాకపోయినా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఆపరేషన్ తర్వాతి రోజుల్లో నొప్పి పెరుగుతూ, కన్ను ఎర్రబడుతూ, చూపు తగ్గుతూ ఉంటే అది కంటి లోపల ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అరుదే, కానీ వస్తే గంటల మీద లెక్క. అర్ధరాత్రి అయినా వెళ్లండి. మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కలు, ఒక పక్కనుంచి తెర దిగినట్టు ఉండడం రెటీనా ఊడుతున్నదానికి గుర్తులు. వాటినీ తెల్లవారేదాకా ఆపకూడదు.

ఆరోగ్య బీమా ఉందన్న ధీమాతో ఖరీదైన లెన్సు ఒప్పుకునేవారు పాలసీ కాగితం చూసుకోవాలి. ఎక్కువ పాలసీల్లో శుక్లాలకు రెండేళ్ల నిరీక్షణ గడువు, కంటికి ఇంత అన్న పరిమితి ఉంటాయి. చాలా కంపెనీలు అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో అయితే బీమా మొత్తంలో 25 శాతం లేదా కంటికి 40,000 రూపాయలు, ఏది తక్కువైతే అంతే. మిగతాదంతా మన జేబులోంచే.

లెన్సు డబ్బా మీద గరిష్ఠ ధర, పవరు, సీరియల్ నంబరు ముద్రించి ఉంటాయి. డిశ్చార్జి కాగితం మీద ఆ స్టిక్కరు అంటించమని అడగండి, డబ్బాను ఫోటో తీసుకోండి. మేము లెన్సు మార్పించేటప్పుడు రెండో సర్జన్ మొదట అడిగింది ఆ స్టిక్కరునే. పాత ఆసుపత్రి మొదట రికార్డులు ఇవ్వడానికి తాత్సారం చేసింది. రాతపూర్వకంగా అడిగిన 72 గంటల్లో డాక్టరు వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉందని దరఖాస్తులో రాశాక చేతికి వచ్చాయి. వాటిలో ఓసీటీ లేదు, సమ్మతి పత్రంలో వలయాల మాట లేదు. డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదని చెప్పారు.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు, కానీ రెండేళ్ల గడువు దాటకూడదు. మెదడు అలవాటు పడుతుంది అన్న మాట నమ్మి ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ గడువు కరిగిపోతుంది. మా కాగితాలు ఇప్పుడు వకీలు దగ్గర ఉన్నాయి.